రొయ్యల చెరువు షెడ్డులో లైనక్స్ మింట్

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ సంగతి మా బాబాయికి నేను చెప్పలేదు, ఆయన ల్యాప్‌టాపే చెప్పింది. తెర నిండా ఒక నోటీసు పరిచి, ఈ యంత్రానికి విండోస్ 11 వేసుకునే అర్హత లేదని తేల్చేసింది. వెంటనే నాకు ఫోను. "ఏరా, నిన్నటిదాకా లెక్కలన్నీ రాసిపెట్టిన మెషినుకు ఇవాళ అర్హత లేకుండా ఎలా పోయింది?" అని నిలదీశారు, ఆ నిర్ణయమేదో నేనే తీసుకున్నట్లు.

ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ఏడో తరం ఐ3 ప్రాసెసర్. విండోస్ 11 కావాలంటే ఒకటి రెండు మినహాయింపులు పోను ఎనిమిదో తరం నుంచే మొదలు, దానికి తోడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు పొందే పథకం ఉంది కానీ అది వాయిదాయే తప్ప పరిష్కారం కాదు. కొత్తది కొనమని అనడానికి నాకు నోరు రాలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచాక రొయ్యల రైతు దగ్గర కొత్త ల్యాప్‌టాప్ ఊసెత్తడం మర్యాద అనిపించలేదు. అందుకే విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టం వేద్దామన్నాను. మింట్ 22 వరుస ఉబుంటు 24.04 అనే మరో లైనక్స్ మీద ఆధారపడింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. రెండు జీబీ ర్యామ్, అంటే మెమరీ, ఉన్నా నడుస్తుంది, నాలుగు ఉంటే హాయిగా నడుస్తుంది. బాబాయి మెషినులో ఎనిమిది ఉంది. ఉందని అనుకున్నాం.

వాళ్ల చెరువులు మొగల్తూరు దాటాక సముద్రం వైపు ఉంటాయి. గట్టు మీద రేకుల షెడ్డు. అందులో మేత బస్తాలు, మందుల డబ్బాలు, నీటి ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటరు, ఒక మడత మంచం, చెక్క బల్ల మీద ల్యాప్‌టాప్. ఏ చెరువులో ఎంత పిల్ల వదిలారు, ఏ పూట ఎంత మేత వేశారు, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఎన్నో రోజుకు ఎన్ని కౌంటుకు వచ్చింది, అన్నీ ఎక్సెల్ ఫైళ్లలో ఉన్నాయి. కిలోకు వంద రొయ్యలు తూగితే వంద కౌంటు, యాభై తూగితే యాభై కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. ఏ రోజు పట్టుబడి చేయాలో ఆ ఫైళ్లు చూసే నిర్ణయిస్తారు. కాబట్టి ముందుగా ఫైళ్లన్నిటినీ బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, ఆ తరువాతే తక్కిన పని మొదలుపెట్టాం. ఈ నకలు గురించి మళ్లీ చెబుతాను.

మొదటి అడ్డంకులు చిన్నవి. ఎఫ్12 నొక్కితే, మెషిన్ దేన్నుంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూ రాలేదు. ఈ రకం ల్యాప్‌టాప్‌లలో ఆ మెనూ మూసిపెట్టి ఉంటుంది, ఎఫ్2తో బయోస్‌లోకి, అంటే మెషిన్ మూల సెట్టింగుల్లోకి, వెళ్లి తెరవాలి. తెరిచాక నా దగ్గర ఎప్పటినుంచో ఉన్న పాత మింట్ పెన్‌డ్రైవ్ పెడితే, భద్రతా విధానానికి విరుద్ధమంటూ ఒక్క వాక్యం చూపించి మెషిన్ ఆగిపోయింది. దీని కారణం నాకు తెలుసు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ పాత లైనక్స్ బూట్ ఫైళ్లను నమ్మకూడని జాబితాలో చేర్చింది. ఆ జాబితా విండోస్‌లో కాక మదర్‌బోర్డు జ్ఞాపకంలో ఉంటుంది కాబట్టి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసినా పట్టుకుంటుంది. ఈ తనిఖీ చేసే సెక్యూర్ బూట్‌ను ఆపేసి ముందుకు పోవచ్చు కానీ కొత్త మింట్ దింపుకోవడమే శుభ్రమైన దారి. పాలకొల్లులో మా ఇంటికి వెళ్లి, నా ల్యాప్‌టాప్‌లో దాదాపు మూడు జీబీల ఫైలు దింపి, మింట్ వాళ్లు ప్రకటించిన ఎస్‌హెచ్‌ఏ256 అంకెలతో సరిచూసి, పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి తెచ్చాను. ఎస్‌హెచ్‌ఏ256 అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ 64 అక్షరాల వరుస పూర్తిగా మారిపోతుంది.

ఈసారి మింట్ తెర చక్కగా వచ్చింది. వైఫై కలిసింది, మౌస్ కదిలింది. డిస్కు మొత్తం తుడిచి ఇన్‌స్టాల్ చేయమన్నాను. ఫైళ్లు నకలు చేస్తున్నట్లు చూపించే గీత సగం దాటాక ఒక పెట్టె తెరుచుకుంది. ఐదో నంబరు దోషం, చదవడంలో రాయడంలో లోపం.

ఆ పెట్టెలోని సలహా చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సీడీని తుడవండి, సీడీని తక్కువ వేగంతో రాయండి, సీడీ డ్రైవ్ కటకాన్ని శుభ్రం చేయండి, హార్డ్‌డిస్కు పాతదైతే మార్చండి, లేదా కంప్యూటర్‌ను చల్లటి చోటికి తరలించండి, ఇదీ దాని సారాంశం. ఈ ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవే లేదు. నేను అర్థం చెబుతుంటే బాబాయికి చివరి మాట ఒక్కటే నచ్చింది. మధ్యాహ్నం రేకుల షెడ్డు వేడి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆయన మంచం పక్కనున్న టేబుల్ ఫ్యాను తెచ్చి ల్యాప్‌టాప్ వెనక పెట్టి, పూర్తి వేగం మీద తిప్పి, "ఇప్పుడు కొట్టు" అన్నారు. కొట్టాను. మళ్లీ అదే దోషం, కాకపోతే ఈసారి గీత పావు వంతు దగ్గరే ఆగింది. ఆ తరువాత ఇంకోసారి దాదాపు చివరికంటా వెళ్లి ఆగింది.

ఆగే చోటు మారుతోందని గమనించగానే నాకు దారి దొరికింది. పెన్‌డ్రైవ్‌లో ఒక చోట పాడైతే అదే ఫైలు దగ్గర, దాదాపు అదే చోట ఆగాలి. డిస్కు పాడైతే అంతకంటే గట్టి ఆనవాళ్లు కనబడాలి. మింట్‌ను ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడుపుకోవచ్చు కదా, అందులోనే ఉన్న డిస్క్స్ అనే ప్రోగ్రాం తెరిచి, ల్యాప్‌టాప్‌లో డిస్కుగా ఉన్న ఎస్‌ఎస్‌డీ ఆరోగ్య నివేదిక చూశాను. పాడై పక్కన పెట్టిన సెక్టార్లు సున్నా. కేబుల్ దారిలో పాడైన డేటా లెక్క, అదీ సున్నా. ఇంత శుభ్రమైన నివేదిక ఉన్న డిస్కును అనుమానించడం అన్యాయం.

అప్పుడు పెన్‌డ్రైవ్‌లో క్యాస్పర్ అనే ఫోల్డరులో ఉన్న అతి పెద్ద ఫైలుకు వేలిముద్ర తీయించాను. మింట్ సరుకంతా ఆ ఒక్క ఫైలులోనే కుదించి ఉంటుంది. టెర్మినల్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ అని కొట్టి, వచ్చిన వరుసలో మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది అక్షరాలు మేత బిల్లు వెనక రాసుకున్నాను. మెషిన్ పూర్తిగా ఆపి, మళ్లీ మొదలుపెట్టి, అదే ఫైలుకు అదే పని చేయించాను. మొత్తం ఆపడం ఎందుకంటే, ఒకసారి చదివిన ఫైలు మెమరీలోనే ఉండిపోతుంది, రెండోసారి పెన్‌డ్రైవ్ దాకా వెళ్లకుండా అక్కడినుంచే లెక్క కడుతుంది. మళ్లీ వచ్చిన వరుసకు, మేత బిల్లు మీదున్న దానికి పొంతన లేదు. అదే పెన్‌డ్రైవ్ తీసి నా ల్యాప్‌టాప్‌లో పెడితే ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు.

మారని ఫైలుకు మారే వేలిముద్ర వస్తోందంటే దాన్ని చదివే దారిలో ఎక్కడో అక్షరాలు తారుమారవుతున్నాయి. పెన్‌డ్రైవ్ నుంచి వచ్చినా, డిస్కుకు పోయినా, అంతా మెమరీ మీదుగానే పోవాలి. ఇన్‌స్టాలర్‌కు తనకు చేరిన ముక్క తప్పుగా ఉందని తెలుస్తుంది, అది ఎక్కడ తప్పిందో తెలియదు. అందుకే చేతికందిన సీడీని, డిస్కును తిట్టింది. అంత పెద్ద సలహాల జాబితాలో ర్యామ్ అన్న మాటే లేదు.

"బాబాయ్, ఇదివరకు విండోస్ ఉన్నట్టుండి ఆగిపోయి నీలం తెర వచ్చేదా?" అని అడిగాను.

"రాకేం, వారానికి ఒకటి రెండు సార్లు వచ్చేది. ఆపి మళ్లీ వేస్తే పోయేది. విండోస్ కదా, అలాగే ఉంటుందనుకున్నాను."

విండోస్‌కు ఉన్న పేరు అలాంటిది. మెమరీ తప్పులన్నీ దాని ఖాతాలో జమవుతూ వచ్చాయి.

రుజువు కోసం మెమ్‌టెస్ట్86ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. మరో పెన్‌డ్రైవ్‌లో అది వేసుకుని బూట్ చేయాలి. దానికి సెక్యూర్ బూట్ ఆపాలి. బయోస్‌లో ఆ వరస బూడిద రంగులో ఉండి కదలనంది. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితేనే అది తెరుచుకుంటుంది. ఈ పాస్‌వర్డ్ మరిచిపోతే చాలా ఇబ్బంది, మామూలు పద్ధతుల్లో తీసేయలేం. బాబాయి దాన్ని మేత పుస్తకం చివరి అట్ట మీద రాసిపెట్టారు. మెమ్‌టెస్ట్ మొదలైన కాసేపటికే తెర మీద ఎర్ర గీతలు పేరుకున్నాయి. ఏ చిరునామాలో ఏం రాస్తే ఏం తిరిగొచ్చిందో ఒక్కో వరుస. చూస్తుంటే బాబాయికి ఏమీ అర్థం కాకపోయినా, ఎరుపు మంచిది కాదని మాత్రం అర్థమైంది.

ఆయన ముఖం చూశాక నాకు బయటి హార్డ్‌డిస్కు గుర్తొచ్చింది. విండోస్ అప్పటికే తుడిచిపెట్టుకుపోయింది. చెరువుల లెక్కలకు ఇక మిగిలింది ఆ నకలు ఒక్కటే, అదీ ఈ పాడైన మెమరీ మీదుగానే అందులోకి వెళ్లింది. ల్యాప్‌టాప్ సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని చూశాం. ఎక్సెల్ ఫైలు నిజానికి ఒక జిప్ కట్ట, లోపలున్న ప్రతి ముక్కకూ ఒక సరిచూపు సంఖ్య ఉంటుంది. అన్‌జిప్ అనే ఆదేశానికి పరీక్షించమని చెబితే ముక్కలను డిస్కు మీదికి తీయకుండానే ఆ సంఖ్యలన్నీ సరిపోయాయో లేదో చెబుతుంది. నా ల్యాప్‌టాప్‌లో మొత్తం ఫోల్డరు మీద ఒకేసారి నడిపాను. ఒక్క ఫైలు తప్పింది, జూన్ నెల మేత లెక్క. అదృష్టం కొద్దీ ఆ ఫైలును బాబాయి తన భాగస్వామికి వాట్సాప్‌లో పంపి ఉన్నారు. అక్కడి నకలు పరీక్షకు నిలిచింది.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. నకలు చేసేటప్పుడు జరిగిన నష్టాన్ని ఇది పట్టుకుంటుంది. ఎక్సెల్‌లో సేవ్ చేయక ముందే ఒక అంకె మారి ఉంటే, ఆ మారిన అంకెకే సరిచూపు సంఖ్య కడుతుంది కాబట్టి అంతా బాగుందనే అంటుంది. అందుకని బాబాయి మేత పుస్తకం తీశారు. చెరువు మీద పనిచేసే కుర్రాడు పూటపూటా బాల్‌పెన్నుతో రాసే పుస్తకం అది. ఆయన పుస్తకంలోంచి నెలవారీ మొత్తాలు చదువుతుంటే నేను తెర మీద టిక్కు పెట్టుకుంటూ పోయాను. రెండు చోట్ల తేడా వచ్చింది. వెతికితే రెండూ బస్తాల లెక్కను కిలోల్లోకి మార్చేటప్పుడు బాబాయి టైపు చేసిన తేడాలే. మెమరీ మీద నెట్టే ప్రయత్నం చేశారు కానీ నేను ఒప్పుకోలేదు.

తరువాత ల్యాప్‌టాప్ విప్పాం. అడుగున మరలు తీసి, ముందుగా బ్యాటరీ తీగ ఊడదీశాం. ర్యామ్ కార్డులు రెండు, ఒక్కోటి నాలుగు జీబీలు. ఒకటి ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చింది, రెండోది ఎస్‌ఎస్‌డీ మార్పించినప్పుడు ఒక దుకాణంలో వేయించింది. ఇటూ అటూ ఉన్న కొక్కేలను వేళ్లతో పక్కకు నెడితే కార్డు ఏటవాలుగా లేస్తుంది. కంపెనీ కార్డు బంగారు పళ్లు మెరుస్తున్నాయి. రెండోదాని పళ్లు మసకబారి, గాడి పక్కన నాలుగైదు చోట్ల సన్నగా పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి.

"చూశావా, ఉప్పుగాలి. ఇక్కడ ఇనుప మేకు ఏడాది ఉండదు, ఇదెంత?" అన్నారు బాబాయి.

"ఆ పక్కనున్నది ఇంకా ఎక్కువ కాలం ఇదే గాలి పీల్చింది కదా బాబాయ్. దానికేమీ కాలేదు. దీని పూత పలచన."

ఈ వాదం తేలలేదు. రబ్బరుతో పళ్లను మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాను. చాలాసార్లు ఇంతటితో బాగుపడుతుంది. ఇది బాగుపడలేదు. కార్డులను ఒక్కొక్కటిగా మదర్‌బోర్డు మీదున్న రెండు గాళ్లలోనూ పెట్టి మెమ్‌టెస్ట్ నడిపాం. కంపెనీ కార్డు ఏ గాడిలో పెట్టినా ఒక్క తప్పు లేదు. రెండోది ఏ గాడిలో పెట్టినా ఎరుపే. గాడి చెడితే మదర్‌బోర్డు ఖర్చు, కార్డు చెడితే కార్డు ఖర్చు. ఇలా అటూ ఇటూ మార్చి చూడకుండా ఎవరైనా మదర్‌బోర్డు పోయిందని చెబితే నమ్మకండి.

నాలుగు జీబీలతోనే మళ్లీ ఇన్‌స్టాల్ మొదలుపెట్టాం. సెక్యూర్ బూట్‌ను యథాప్రకారం ఆన్ చేశాను. ఫైళ్ల గీత మూడొంతులు దాటాక కరెంటు పోయింది. నాకు గుండె జారింది, ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ అరగంట కూడా నిలవదు. బాబాయి ల్యాప్‌టాప్ వైపు చూడనైనా చూడలేదు, లేచి జనరేటర్ దగ్గరికి పరుగెత్తారు. నీళ్లు చిమ్మి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది, నిండుగా పెరిగిన రొయ్య ఉన్న చెరువు ఎక్కువసేపు తట్టుకోదు. జనరేటర్ మోత మొదలై, చెరువులో చక్రాలు మళ్లీ నీళ్లు చిమ్మాక, షెడ్డులో లైటు వెలిగింది. గీత ఆగకుండా చివరికంటా వెళ్లింది. ఇన్‌స్టాల్ పూర్తయింది, రీస్టార్ట్ చేయమంది.

రీస్టార్ట్ చేస్తే, బూట్ చేయదగిన డిస్కు ఏదీ లేదని వచ్చింది.

చాలామంది ఇక్కడే విసిగి మొదటినుంచీ ఇన్‌స్టాల్ చేస్తారు, మళ్లీ ఇదే తెర చూస్తారు. ఇన్‌స్టాల్‌లో లోపం ఉండదు. విండోస్ కాని బూట్ ఫైలును మనం చేత్తో చూపించి, ఇది నమ్మదగినదని చెప్పేదాకా కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్ దాన్ని పట్టించుకోదు. ఎఫ్2తో లోపలికి వెళ్లి, అట్ట మీద రాసుకున్న సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ కొట్టి, సెక్యూరిటీ పేజీలో నమ్మదగిన యూఈఎఫ్ఐ ఫైలును, అంటే బూట్ ఫైలును, ఎంచుకునే వరసలోకి వెళ్లాను. డిస్కు, దానిలో ఈఎఫ్ఐ ఫోల్డరు, దానిలో ఉబుంటు ఫోల్డరు. మింట్ వేసినా ఆ ఫోల్డరుకు ఉబుంటు అనే ఉంటుంది, కంగారు పడనక్కర్లేదు. అందులో షిమ్‌ఎక్స్64 అన్న ఫైలును ఎంచుకుని, ఒక పేరు పెట్టి, సేవ్ చేసి, బూట్ వరుసలో దాన్ని పైకి తెచ్చాను. మింట్ ఆకుపచ్చ గుర్తు వచ్చింది.

మిగిలినవి చిల్లర పనులు. మింట్‌లో ఎక్సెల్‌కు బదులుగా ఉండే లిబ్రెఆఫీస్ కాల్క్ ఆ ఫైళ్లను తెరిచింది, రంగులు కాస్త మారాయి కానీ సూత్రాలు చెక్కుచెదరలేదు. బాబాయి చెరువుల పేర్లు తెలుగులో రాసుకుంటారు. యూనికోడ్‌లో ఉన్నందువల్ల అవి ఉన్నవి ఉన్నట్లు కనబడ్డాయి. తెలుగు టైపింగుకు ఐబస్ అనే ప్రోగ్రాంలో ఆర్‌టీఎస్ పద్ధతి పెట్టాను. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన పద్ధతి అది, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. ఫోనులో ఊహించి మాట పూర్తిచేసే కీబోర్డుకు అలవాటుపడిన ఆయనకు ఇది మొదట్లో నచ్చలేదు, ఒత్తులు తానే చూసుకోవాల్సి వస్తోందని గొణిగారు.

మరో ర్యామ్ కార్డు భీమవరంలో తీసుకున్నాం. పాతదాని మీదున్న డీడీఆర్4 గుర్తు, వేగం ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లి అదే రకం అడిగాం. వేసిన రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి ఎర్ర గీత ఒక్కటి లేదు. చెడిపోయిన కార్డును పారేద్దామంటే బాబాయి ఒప్పుకోలేదు. దాన్ని వేసిన దుకాణదారుకు చూపించి, ఉప్పుగాలా, పలచని పూతా అన్నది అక్కడే తేలుస్తానని చొక్కా జేబులో వేసుకుని బండి తీశారు.